అన్నమునకు ఆప్తవాక్యమెయ్యది? – కెలమంగలము సీమలో ఆహార వ్యాయామ ప్రమాణముల విమర్శ

వ్యాకరణమున సందేహము కలిగినపుడు తెలుగువారు చిన్నయసూరిని చూతురు. పద్యమున పాఠభేదము కనబడినపుడు ప్రతులను పోల్చి చూతురు. శాసనము దొరకినపుడు లిపి వయస్సును, శిల యున్న తావును విచారింతురు. సాహిత్యమునందును చరిత్రయందును ప్రమాణము లేని మాట చెల్లదను నియమము పండితలోకమునకు క్రొత్త కాదు. కాని దినదినము నోట పెట్టుకొను ముద్దను గూర్చియు, దేహమునకు ఈయవలసిన శ్రమను గూర్చియు ఇట్టి విచారణ మిక్కిలి అరుదు. రాగి తిన్నచో మధుమేహము పోవుననియు, పరగడుపున ఫలానా కషాయము త్రాగినచో క్రొవ్వు కరగుననియు, నలువది దినములలో దేహము ఉక్కువలె నగుననియు వినవచ్చు మాటలను సామాన్యులే కాక చదువుకొన్నవారును ప్రశ్నింపక స్వీకరించుచున్నారు. ఆ మాటల వెనుక నున్న ప్రమాణములు ఎట్టివో, వానిలో దేనిని ఎంతవరకు నమ్మవచ్చునో పరిశీలించుటయే ఈ వ్యాసమున ఉద్దేశము.

ఈ పరిశీలనకు కెలమంగలము సీమ తగిన తావు. కృష్ణగిరి జిల్లా డెంకణికోట తాలూకాలోని ఈ ఊరు మొరసునాటి తెలుగునకు ఆటపట్టు. చుట్టును ఎఱ్ఱనేల; వానను నమ్ముకొన్న రాగి చేలు. తమిళనాట రాగి అధికముగా పండు జిల్లాలలో కృష్ణగిరి యొకటి. తెలుగు, కన్నడము, తమిళము మూడును ఒకే సంతలో వినబడును. ఒకే యింట అవ్వ తెలుగున మాటలాడును. మనుమడు బడిలో తమిళమును చదువును. మందుచీటిపైని వ్రాత ఇంగ్లీషున నుండును. చేతి ఫోనులోని ఆరోగ్యోపన్యాసము హైదరాబాదు తెలుగున వినబడును. ఇన్ని భాషలలో ఇందరు చెప్పుచుండగా ఎవరి మాట ఆప్తవాక్యము? ఈ ప్రశ్న ఇచ్చట గ్రంథచర్చ మాత్రమే కాదు. ఏండ్ల తరబడి వేసికొనుచున్న చక్కెరజబ్బు మాత్రలను ఒక ఉపన్యాసము విని మానివేసిన వృద్ధునికి అది ప్రాణసమస్య.

ప్రమాణ విచారము

ఆహారోపదేశమును పరీక్షింపవలెనను భావము పరదేశముల నుండి అరువు తెచ్చుకొన్నది కాదు. చరకసంహిత సూత్రస్థానము పదునొకండవ అధ్యాయమున ఆప్తోపదేశము, ప్రత్యక్షము, అనుమానము, యుక్తి యని నాలుగు విధములైన పరీక్షలు చెప్పబడినవి. విమానస్థానము ఎనిమిదవ అధ్యాయము వైద్యవిద్యను కోరువానిని ముందుగా శాస్త్రమును పరీక్షింపుమనును. గురువును పరీక్షించుట ఆ తరువాతి పని. లోకమున వైద్యగ్రంథములు పెక్కు తిరుగుచున్నవి గనుక వానిలో విజ్ఞులు ఆదరించినది, పునరుక్తి లేనిది, అర్థము తేటగా తెలుపునది చూచి గ్రహింపవలెనని దాని ఆశయము. అచ్చుయంత్రము పుట్టని కాలముననే గ్రంథబాహుళ్యము వలని చిక్కు తెలిసియుండెనన్న మాట.

అదే విమానస్థానము తొలి అధ్యాయమున ఆహారమును గూర్చి విచారింపవలసిన విషయములు ఎనిమిది చెప్పబడినవి: పదార్థము యొక్క స్వభావము, వండు విధానము, దేనితో కలిపి తినుట, ఎంత తినుట, ఏ దేశమున, ఏ కాలమున, ఏ నియమముతో, ఎవరు తినుట. "రాగి మంచిది" అను వాక్యమును ఈ ఎనిమిదింటి యెదుట నిలిపి చూచినచో దాని కొరత వెంటనే తెలియును. అది మొదటి ప్రశ్నకు మాత్రమే సమాధానము చెప్పినది. తక్కిన ఏడింటిని విడిచినది. ఎంత తినవలెనో, ఎవరు తినవలెనో చెప్పని ఆహారోపదేశము తాలూకా పేరు లేని చిరునామా వంటిది. ఊరి పేరు సరియైనదే యైనను ఉత్తరము చేరదు.

సూత్రస్థానము ఇరువది తొమ్మిదవ అధ్యాయము మరియొక ఉపకారము చేసినది. అందు వైద్యులు ప్రాణాభిసరులనియు రోగాభిసరులనియు రెండు తెగలుగా విభజింపబడిరి. రెండవ తెగవారు రోగి యున్నాడని విన్నంతనే వచ్చి మూగుదురు. తమ గుణములను బిగ్గరగా చాటుదురు. అప్పటికే వైద్యము చేయుచున్నవానిలో దోషములు వెదకుదురు. ఫలము లేకపోయినచో తప్పును రోగిపైననే మోపుదురు. ఈ లక్షణములు నేటికిని పాతబడలేదు. తన పథ్యమున ఫలము కనబడనపుడు "నీవు నియమము సరిగా పాటింపలేదు" అని మాత్రమే చెప్పు ఉపదేశకుని ఈ అధ్యాయము వెలుగున గుర్తుపట్టవచ్చును. తన మాట తప్పు కావచ్చునని ఒప్పుకొను మార్గమును ముందుగానే మూసికొన్న వాక్యమునకు పరీక్ష యనునది లేదు.

ఐతే చరకమున నున్నది గనుక సత్యమనుట ఈ విచారణకు విరుద్ధము. ప్రాచీన గ్రంథము ఇచ్చినది కొలబద్ద. ఆ కొలబద్దను ప్రాచీన గ్రంథముపై సైతము పెట్టి చూడవలసినదే.

పెద్దల మాట

కెలమంగలము సీమలో ఆహారమును గూర్చిన మొదటి సాక్షి ఇంటి పెద్ద. రాగిముద్ద ఆకలి నిలుపుననియు, రాగి పాతరలోను కుండలోను ఏండ్ల తరబడి నిలువయుండుననియు, మొలకెత్తించి చేసిన పిండి పసిపిల్లలకు తేలికయనియు పెద్దలు చెప్పుదురు. ఇవి తరతరముల ప్రత్యక్షము వలన తేలిన మాటలు. మొలకెత్తించుట వలన రాగిలోని ఫైటేట్లు తగ్గి, ఖనిజములు దేహమునకు మెరుగుగా అందునని ప్రయోగశాల పిమ్మట చెప్పినది. ఇచ్చట అవ్వ మాటయు శాస్త్రము మాటయు ఏకమైనవి.

పొరుగు కన్నడమున కనకదాసు 16వ శతాబ్దమున రచించిన 'రామధాన్యచరితె' ఈ సందర్భమున తలపునకు వచ్చును. ధాన్యములలో ఏది శ్రేష్ఠమను వాదమున వరియు రాగియు కలహించుకొనును. శ్రీరాముడు ఏ పక్షము వాదమును విని తీర్పు చెప్పక, రెండింటిని ఆరు నెలలు చెరలో ఉంచును. గడువు ముగిసినపుడు వరి సత్తువ తరిగి వచ్చును. రాగి చెక్కుచెదరక వచ్చి రాఘవుని పేరును పొందును. ఈ కథను రాగికి స్తోత్రముగా చెప్పుకొనుట వాడుక. ప్రమాణ దృష్టితో చూచినచో ఇందు అంతకంటె విలువైన విషయ మున్నది. ఎవరు ఎంత గొప్పగా చెప్పుకొనిరని రాముడు చూడలేదు, పరీక్ష పెట్టెను, రెండింటికిని ఒకే గడువును ఒకే చోటును ఇచ్చెను. న్యాయమైన పరీక్షకు ఇంతకంటె చక్కని ఉదాహరణము వెదకనక్కరలేదు.

ఐనను ఆ పరీక్ష దేనిని నిరూపించినది? రాగి నిలువకు ఆగునని మాత్రమే నిరూపించినది. తిన్నవాని రక్తమున చక్కెర ఎంత పెరుగునో ఆ చెర చెప్పలేదు. ఒక పరీక్ష తాను అడిగిన ప్రశ్నకు మాత్రమే సమాధానము చెప్పును. రాగి కరవు కాలమున కాపాడెనను సత్యము రాగి జబ్బును మాన్పునను అసత్యమునకు సాక్ష్యము కాజాలదు. పెద్దల మాటను నమ్మువారు తరచుగా పొరబడుచున్నది ఈ మెట్టుననే.

మరియొక భేదము. పూర్వము ముద్ద తిన్న మనుష్యుడు ప్రొద్దు పొడుపు మొదలు నాగలి వెంట నడచెను, నీరు తోడెను, కట్టె కొట్టెను. నేడు హోసూరు కర్మాగారమున కూర్చుండి పని చేయువాడు అదే ముద్దను అదే పరిమాణమున తినుచు తాతగారి దేహదార్ఢ్యమును కోరుచున్నాడు. ముద్ద మారలేదు, భోక్త మారెను. చరకుని ఎనిమిదవ ప్రశ్న ఇదియే.

పెద్దల వాడుక యంతయు సురక్షితమనుటయు చెల్లదు. 20వ శతాబ్ది తొలి దశకములలో ఉత్తర సర్కారుల తెలుగు జిల్లాలు బెరిబెరి వ్యాధికి నెలవులుగా పేరొందినవి. మరలో తెల్లగా పట్టించిన పచ్చిబియ్యమే దానికి కారణమని పరిశోధకులు తేల్చిరి. తవుడుతో పాటు బి1 విటమిను పోయెను. ఆ కాలముననే తమిళ జిల్లాలలో ఉప్పుడు బియ్యము వాడుక యందుండుటచే అచ్చట ఆ వ్యాధి అంతగా కానరాలేదు. వడ్లను ఉడికించునపుడు పై పొరలలోని విటమిను గింజలోనికి ఇంకి, మర పట్టినను కొంత నిలుచును. తెల్లని అన్నమే గౌరవమను అభిరుచి తెలుగువారికి చేసిన కీడును పొరుగు వంటయిల్లు తప్పించుకొన్నది. దంపుడు బియ్యమునకు సరిపోయిన పెద్దల అనుభవము మరబియ్యమునకు సరిపోలేదు. పదార్థము పేరు మారకయే పదార్థము మారినపుడు సంప్రదాయము హెచ్చరింపలేదు.

ప్రయోగశాల మాట

రెండవ సాక్షి ప్రయోగశాల. ఆ బెరిబెరి విచారణతోనే భారతదేశమున ఆహారశాస్త్రము వేళ్లూనినది. 1918లో రాబర్టు మెక్కారిసన్ నీలగిరులలోని కూనూరున, పాశ్చర్ ఇన్‌స్టిట్యూటులో ఒక గదిలో బెరిబెరి పరిశోధనను ఆరంభించెను. అది 1928 నాటికి పోషకాహార పరిశోధనశాలగా పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు తాల్చెను. తమిళసీమ కొండలపై పుట్టి తెలుగు నగరమున నిలిచిన ఈ సంస్థ చరిత్రము కెలమంగలము వంటి సరిహద్దు సీమవారికి ఆత్మీయము కావలెను.

ఆ సంస్థ చేసిన గొప్ప పని భారతీయాహార పదార్థముల పోషకవిలువల పట్టికలు. 1937లో ఎయిక్రాయిడ్ వెలువరించిన 23వ ఆరోగ్య బులెటిను వానికి మొదలు. సి. గోపాలన్ ప్రభృతుల గ్రంథము 1971లో వచ్చెను. 528 పదార్థములతో కూడిన నూతన పట్టికలు 2017లో వెలువడెను. గోపాలన్ ప్రభృతుల గ్రంథము ప్రకారము నూరు గ్రాముల రాగిలో సున్నము 344 మిల్లీగ్రాములు. మరబియ్యమున 10 మాత్రమే. 2017 పట్టికలో రాగి అంకె 364. ఈ భేదమును చూచి శాస్త్రమునకు నిలుకడ లేదని వెక్కిరించువారు కలరు. అది సరికాదు. గింజ రకము, నేల, కొలిచిన పద్ధతి మారినపుడు అంకె మారును. క్రొత్త అంకెను సంవత్సరముతో సహా ప్రకటించుట విశ్వసనీయతకు గుర్తే గాని లోపము కాదు. పాఠము పరిష్కరింపబడిన ప్రతినే పండితులు మేలైనదని యెంతురు గదా.

కాని పట్టికను చదువుటకును వ్యాకరణము కలదు. ఆ అంకెలు పచ్చి పదార్థమునకు చెందినవి. వండిన ముద్దకు కావు. నీరు చేరి బరువు పెరిగిన ముద్ద నూరు గ్రాములలో నూరు గ్రాముల పిండి యుండదు. పెద్దవారికి దినమునకు కావలసిన సున్నము 1000 మిల్లీగ్రాములని 2020లో నిర్ణయింపబడినది. అనగా నూరు గ్రాముల రాగిపిండి అందులో మూడవ వంతునకు కొంచెము మించి సమకూర్చును. అందలి సున్నమంతయు దేహమున ఇంకదు. ఇంత చెప్పినను రాగి గౌరవము తగ్గదు. బియ్యముతో పోల్చిన దాని ఆధిక్యము స్పష్టము. తగ్గునది అతిశయోక్తి మాత్రమే.

ఇక మధుమేహము మాట. అదే గ్రంథమున నూరు గ్రాముల రాగిలో పిండిపదార్థము 72 గ్రాములు, మరబియ్యమున 78. శక్తి రాగికి 328 కిలోకేలరీలు, బియ్యమునకు 345. రాగిలో పీచు అధికము గనుక కొంత మేలుండును. అందును సంకటి, జావ, రొట్టె అను వంటభేదమును బట్టి ఫలము మారును. కాని రాగి తిన్నచో ఎంత తిన్నను దోషము లేదనుకొనువాడు ఈ రెండు అంకెల జంటలను ప్రక్కప్రక్కన వ్రాసి చూచుకొనవలెను. నాలుగు ముద్దలు తిని మాత్ర మానినవానికి రాగి శత్రువగును. దోషము రాగిది కాదు, సగము చెప్పిన వాక్యానిది.

ప్రయోగశాల వాక్యమునకును హద్దు లున్నవి. మెక్కారిసన్ భారతదేశపు నానా ప్రాంతముల ఆహారములను ఎలుకలకు పెట్టి పెరుగుదలను పోల్చెను. సిక్కుల ఆహారము మొదటి స్థానమునను, బియ్యము ప్రధానమైన 'మదరాసీ' ఆహారము అట్టడుగునను నిలిచినవి. ప్రయోగము గొప్పదే. కాని 'మదరాసీ' యను ఒక్క పేరున నాటి రాజధానిలోని అన్ని భోజనములను కుదించుట తగునా? మొరసునాటి రాగిముద్ద, ఉలవచారు, ఆకుకూర ఆ పేరున ఇమిడియుండలేదు. ప్రయోగము తాను పెట్టిన పళ్ళెమును గూర్చి సత్యము చెప్పినది; పెట్టని పళ్ళెమును గూర్చి చెప్పలేదు. రామధాన్యచరితె విషయమున చెప్పిన నియమమే ఇచ్చటను వర్తించును. అవ్వ కైనను ఆచార్యున కైనను న్యాయ మొక్కటే.

పేరులో పొంచియున్న ప్రమాదము

సరిహద్దు సీమలో ప్రమాణ విచారము భాషా విచారము కాక తప్పదు. రాగిని ఉత్తరాంధ్రమున చోళ్ళందురు, తెలంగాణమున తైదలందురు, తమిళమున కేళ్వరగందురు. ఒకే ధాన్యమునకు పలు పేరులుండుట వలన కలుగు నష్టము స్వల్పము, అడిగి తెలిసికొనవచ్చును. ఒకే ధ్వని గల పేరు వేరు ధాన్యములకు చెల్లుటయే అసలు ప్రమాదము.

తెలుగున 'వరిగ' యనునది యొక చిరుధాన్యము. కన్నడమున 'బరగు' అనునదియు అదియే. తమిళమున దానికి 'పనివరగు' అని పేరు. కాని తమిళమున ఉత్త 'వరగు' అన్నచో అది వేరు ధాన్యము; తెలుగున దానిని అరికె లందురు; కన్నడమున హారక యందురు. తమిళ కరపత్రమును చూచి 'వరగు' అను పదమును 'వరిగ' యని తెలుగు చేయువాడు అక్షరసామ్యమునకు మోసపోయి ధాన్యమునే మార్చివేయుచున్నాడు. కెలమంగలము సంతలో మూడు భాషలవారు ఒకే బస్తా ముందు నిలిచి మాటలాడునపుడు ఇట్టి భ్రమ సులభము.

ఇది నిఘంటు చర్చ మాత్రమే కాదు. అరికెలకు ఒక విశేషమున్నది. కోత కాలమున తడిసి బూజు పట్టిన అరికెలు విషమగునని వానిని పండించువారు ఎఱుగుదురు. 2024 అక్టోబరు చివర మధ్యప్రదేశమందలి బాంధవగఢ అడవిలో బూజు పట్టిన అరిక పైరును మేసి పది ఏనుగులు మరణించినవి. పరీక్షలలో సైక్లోపియాజోనిక్ ఆమ్లము కనబడినది. ఎండబెట్టి శుభ్రముగా నిలువ చేసిన అరికెలు మంచి ఆహారమే. కాని ఈ హెచ్చరిక అరికెలకు చెందినది. పేరు మారినచో హెచ్చరిక వేరొక బస్తాకు పోవును, అసలు బస్తా హెచ్చరిక లేక మిగులును. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించిన పిమ్మట వీనిని గూర్చిన వ్రాతలు అన్ని భాషలలోను వెల్లువెత్తినవి. ఏ భాష నుండి ఏ భాషకు వచ్చెనో తెలుపని అనువాదమును నమ్మరాదనుటకు ఈ ఒక్క పదము చాలును.

ప్రకటనల మాట

మూడవ సాక్షి అందరికంటె బిగ్గరగా మాటలాడును. అది ప్రకటన. మధుమేహము, స్థూలకాయము, రక్తపోటు మున్నగు వ్యాధులను మాన్పుదుమని మందులను ప్రకటించుటను నిషేధించుచు 1954లోనే చట్టము వచ్చినది. అనగా ఈ రోగము నేటిది కాదు. ఆ చట్టము పేరు వినని యింటను ఆ చట్టము నిషేధించిన మాటలు దినమునకు పదిసార్లు వినబడుచున్నవి.

పొట్లములపైని వ్రాత ప్రకటన కంటె కొంత మేలు. ఏలయన అందు సత్యము చిన్న అక్షరములలో నైనను ఉండక తప్పదు. కలిపిన పదార్థములను బరువున అధికమైనది మొదలుకొని వరుసగా వ్రాయవలెనని నియమము. పొట్లము ముందువైపున రాగి కంకి బొమ్మ యుండి, వెనుక పట్టికలో మైదా మొదటిదిగాను చక్కెర రెండవదిగాను ఉన్నచో ఆ బిస్కత్తు ఎట్టిదో తేటపడును. పదునాలుగు అంకెల లైసెన్సు సంఖ్య తయారీదారుడు నమోదైనవాడని తెలుపును; పొట్లముపైని ప్రతి పొగడ్తయు పరీక్షింపబడినదని తెలుపదు. ఈ రెండింటి భేదము ఎఱుగనివారే అధికులు.

ప్రకటనకు ప్రాణము ఒక వ్యక్తి అనుభవము. ఫలానావాడు దీనిని తిని ఇంత బలవంతుడయ్యెనను కథను మనస్సు వెంటనే నమ్మును. వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తినాయుడు (1882–1942) బలప్రదర్శనములతో దేశమంతట కీర్తి గడించెను. ఆయన శాకాహారి యని చెప్పుదురు. దానిని బట్టి శాకాహారమే ఆ బలమునకు కారణమనుట ఎంత పొరపాటో, మాంసాహారియైన మరియొక మల్లుని చూపి మాంసమే కారణమనుటయు అంతే పొరపాటు. ఆయనవలె భుజించి ఆయనవలె కానివారి సంఖ్య ఎవరును లెక్కింపలేదు. లెక్కింపబడనివారి మౌనమును లెక్కలోనికి తెచ్చుటయే శాస్త్రము.

వ్యాయామశాలలలో అమ్ముడగు ప్రోటీను పొడుల కథయు ఇట్టిదే. దేహము పెంచుటకు అట్టి పొడులను వాడవలదని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన పదునేడు ఆహార సూత్రముల గ్రంథము హెచ్చరించినది. అమ్మువాడే ఉపదేశకుడైనపుడు ఆ ఉపదేశమును సాక్ష్యముగా గాక వాదముగా వినవలెను.

వ్యాయామమున నమ్మదగిన మాటలు సాధారణముగా మితమైనవి. సుశ్రుతుడును వాగ్భటుడును బలమున సగము మేరకు మాత్రమే వ్యాయామము చేయుమనిరి. ఊపిరి నోటికి వచ్చుట ఆ సగమునకు గుర్తని సుశ్రుతుడు చెప్పెను. ప్రపంచారోగ్యసంస్థ 2020 సూత్రములు పెద్దవారికి వారమునకు 150 మొదలు 300 నిమిషముల మధ్యమశ్రమయు, కనీసము రెండు దినములు కండరములకు పనియు చెప్పుచున్నవి. మాటలాడుటకు వీలై పాడుటకు వీలుకానంత ఊపిరియే మధ్యమశ్రమకు గుర్తని నేటి వైద్యుల సులభ పరీక్ష. కాలమునను పద్ధతిలోను ఇంత దూరముననున్న ఇద్దరు సాక్షులు, ఒకరి నొకరు ఎఱుగక, సమీపమైన మాట చెప్పినపుడు ఆ మాటకు బలము హెచ్చును. నలువది దినముల ఉక్కుదేహమునకు అట్టి రెండవ సాక్షి దొరకడు.

నేల చెప్పు మాట

ఎంత మంచి ఉపదేశమైనను దేశమును విచారింపనిచో చెడును. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల భూగర్భజలమున పలుచోట్ల ఫ్లోరైడు అధికము. హొగేనకల్ త్రాగునీటి పథకము పూర్తి పేరుననే ఫ్లోరోసిస్ నివారణ యను మాట చేరియున్నది. అది 2013లో ప్రారంభమైనది. భారతదేశమున ఈ వ్యాధిని గూర్చిన తొలి శాస్త్రీయ నివేదిక 1937లో నాటి నెల్లూరు జిల్లాలోని తెలుగు పల్లెల నుండి వచ్చినదేనని తెలుగువారు మరువరాదు. ఇట్టి సీమలో మోకాళ్ల నొప్పికి, వెన్ను బిగువునకు ఏదో నూనెయో పొడియో చెప్పి, ఇంటి నీరు ఏ బోరుబావిదని ఒక్క ప్రశ్న అడుగని ఉపదేశము ఎంత మధురమైన తెలుగున నున్నను పనికిరాదు. చెప్పువాని ఊరు వేరు, వినువాని నీరు వేరు.

ఈ కారణముననే దగ్గరగా నున్న సాక్షికి విలువ యెక్కువ. తమిళనాడు ప్రభుత్వము 2021 ఆగస్టు 5న 'మక్కళై తేడి మరుత్తువమ్' అను ఇంటింటి వైద్య పథకమును కృష్ణగిరి జిల్లా సామనపల్లెలోనే ఆరంభించినది. రక్తపోటును చక్కెరను కొలిచి, మందు ఇంటికి తెచ్చు ఆరోగ్య కార్యకర్త చేతిలో ఉపన్యాసము లేకపోవచ్చును. కాని ఎదుటనున్న మనిషి దేహము యొక్క అంకె యున్నది. వేయిమందికి ఒకేమాట చెప్పు దూరపు వక్త కంటె ఒకనికి వాని అంకె చెప్పు సమీపపు మనిషి ఆప్తుడు. ఫోనులో విన్న పథ్యమును ఆరంభించుటకు ముందు, ముఖ్యముగా మాత్ర మానుటకు ముందు, ఆ మనిషిని గాని ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుని గాని అడుగుట కనీస ధర్మము.

తెలుగు చేయవలసిన పని

ఈ విచారణ వలన తేలిన పరీక్షలు ఐదు. ఎంత, ఎవరికి, ఎక్కడ అను మాటలు ఉపదేశమున ఉన్నవా? పరీక్ష అడిగిన ప్రశ్నయు, చెప్పిన తీర్పును ఒకటేనా? అంకెకు సంవత్సరమును మూలమును చూపబడినవా? చెప్పువానికి అమ్మకమున లాభమున్నదా? మొదటి సాక్షితో సంబంధము లేని రెండవ సాక్షి కలడా? ఈ ఐదింటికి నిలిచిన మాటను నమ్మి నడువవచ్చును. నిలువనిదానిని వినోదముగా వినవచ్చును.

కాని ఈ పరీక్షలు చేయుటకు పరీక్షింపదగిన గ్రంథము వినువాని భాషలో ఉండవలెను. సంస్థల పట్టికలు, సూత్రములు ప్రధానముగా ఇంగ్లీషున నున్నవి. తమిళనాట 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టము పిమ్మట అల్పసంఖ్యాక భాషల బడులలోని పిల్లలును తమిళమును మొదటి భాగముగా చదువుచున్నారు. వారు తమిళ ఆరోగ్య కరపత్రమును చదువగలరు. వారి యింటి పెద్దలలో పలువురకు చెవికి ఎక్కునది తెలుగు మాత్రమే. ఆ చెవికి తేట తెలుగున చేరుచున్నది ఏది? తరచుగా ప్రకటనయే. అసత్యము తెలుగున పలుకుచు సత్యము పరభాషలలో నిలిచిపోయినచో, తెలుగు వదంతులకు వాహకమైన భాషగా మిగులును. భాషను పద్యములలోను కథలలోను కాపాడుటకు మొరసునాటి రచయితలు, ఉపాధ్యాయులు చేయుచున్న శ్రమ మెచ్చదగినది. దానితో పాటు అన్నమును గూర్చిన సత్యమును సైతము ఆ భాషలో చెప్పగలిగిననే అది ఇంటి భాషగా నిలుచును.

ఇందులకు పెద్ద నిధులు అక్కరలేదు. సంతలో వినబడు ధాన్యముల పేరులకు తెలుగు, తమిళ, కన్నడ రూపములను ప్రక్కప్రక్కన ఉంచి, గింజ బొమ్మతోను వృక్షశాస్త్ర నామముతోను ఒక చిన్న నిఘంటువును కూర్పవచ్చును. జాతీయ సంస్థ సూత్రములను మూలమును సంవత్సరమును తెలుపుచు స్థానిక తెలుగున అనువదించి, ఒక వైద్యునిచే సరిచూపించి అచ్చు వేయవచ్చును. పొట్లము వెనుకవైపు పట్టికను బడిలో పాఠముగా చదివింపవచ్చును. పద్యమునకు ప్రతిపదార్థము చెప్పగల పిల్లవాడు దానికిని చెప్పగలడు. అవ్వల నోటనున్న రాగి రకముల పేరులను, వండు విధములను, తిన్న పరిమాణములను, నాటి శ్రమతో సహా వ్రాసి యుంచవచ్చును. పరిమాణమును శ్రమయు లేక వ్రాసికొన్న వంట సగము సాక్ష్యమే యగును.

ఈ పనులను తెలుగు సంఘములు చేపట్టినచో, ఫోనులో విన్న మాటను పట్టుకొని సంశయముతో వచ్చిన పెద్దకు మనుమడు "అది అబద్ధము" అని కసరుటతో ఆగక, "ఇదిగో, ఎంతయో ఎవరికో ఇందు వ్రాసియున్నది, చదివెదను వినుము" అని తెలుగున చదివి వినిపింపగలడు.